అతుకు కింద

వేడి నీళ్లలో ముంచి పిండిన గోనెగుడ్డను బోర్లించిన దోనె అడుగున పరిచి, దాని మీద రెండు అరచేతులూ ఆనించి, దాలయ్య మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాత బంక మెత్తబడడానికి వంద చాలు, మరీ మొండిదైతే నూట యాభై. ఇరవై ఏళ్లుగా ఎన్ని పడవల మీద లెక్కపెట్టాడో, ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ ముప్పై ఎనిమిది దగ్గరే తప్పింది. సరుగుడు తోట అవతల ఆటో చప్పుడైనట్టుంటే తలెత్తాడు. ఆటో కాదు, సరుగుడు చెట్లలో గాలి. అప్ప, అతని అక్క అసిరమ్మ, రావడానికి ఇంకా గంట పైనే ఉంది. తెల్లారకముందే చేపల బేసినెత్తుకుని కోటబొమ్మాళి వెళ్లిందని, పది దాటితే గాని రాదని ఆమె కూతురు ఉష చెప్పింది. ఆ గంటలో బంకంతా తీసెయ్యాలని, తీసేసి ఆమె కంటబడకుండా వెళ్లిపోవాలని పొద్దున్న బస్సెక్కినప్పుడు అనుకున్నాడు. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఏమనుకుంటున్నాడో అతనికీ తెలియదు. గుడ్డ చల్లబడుతోంది. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాడు.

పదహారడుగుల ఫైబర్ దోనె. ఇద్దరు కూర్చుంటే సరిపోతుంది, ముగ్గురైతే ఒరుగుతుంది. ఒకప్పుడు నీలం, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. ఆరేళ్లుగా అప్ప ఇంటి వెనక ఈ చెట్ల కింద బోర్లా పడి ఉంది. పొద్దున్న ఉష, అతనూ కలిసి దాని మీద రాలిన సరుగుడు పుల్లలు ఊడ్చారు, సాలెగూళ్లు తుడిచారు, నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగారు. అప్పుడు బయటపడింది అడుగున ఆ మచ్చ. గోధుమరంగులో, చేటంత వెడల్పున, అంచుల్లో నల్లగా. అక్కడ అతికించిన లారీ ట్యూబు ముక్క ఏనాడో సముద్రంలో పోయింది. దాన్ని పట్టుకోవలసిన బంక మాత్రం మిగిలింది. ఎవరిదో పడవ అనుకుంటే పని సులువని అతనికి తెలుసు. రోజూ ఎవరివో పడవలే చేస్తాడు. పగులెంత పొడవు, ఎంత లోతు, ఎంత గాజునార మ్యాట్ పడుతుంది, దాన్ని పట్టించే రెజిన్ ఎంత కలపాలి, ఇవే చూస్తాడు తప్ప అందులో ఎవరు వెళ్లారో, ఎవరు తిరిగొచ్చారో అడగడు. ఈ పడవనూ అలాగే చూస్తున్నాడు. పగులు జానెడు. లోతు ఎక్కువ లేదు. బంక పోతే, అడుగు గరుకు చేస్తే, రెండు పొరల మ్యాట్ చాలు.

గుడ్డ తీసి వెదురు బద్దను మచ్చ అంచు కిందికి పోనిచ్చాడు. ఇనుపరేకు వాడకూడదు, పైపూత గీసుకుపోతుంది. వెదురైతే మెత్తగా వెళ్తుంది. బంక కదిలింది. కొంచెం లేచి, సాగి, తెగి, బద్దకు ముద్దగా చుట్టుకుంది. దాని వాసన కిరసనాయిలూ కాదు, రబ్బరూ కాదు, రెండింటి మధ్యది. ఆ వాసనకు సాలూరు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ల వయసులో సముద్రం పని చెయ్యనని అలిగి సాలూరు వెళ్లి, లారీ షెడ్డులో పంక్చర్లు వేసే జగన్నాధం దగ్గర ఏడాదిన్నర ఉన్నాడు. రోడ్డు పొడుగునా లారీలు, మసి, ఒడిశా నుంచి దిగే డ్రైవర్లు, పెనం మీద ఎప్పుడూ వేగుతూ ఉండే మిరపకాయ బజ్జీలు. ఎండు చేపలా సన్నగా ఉండే జగన్నాధం ఎవరినీ తిట్టేవాడు కాదు. ట్యూబు మీద చిల్లు చుట్టూ ఆకురాయితో గరగర గీకించేవాడు. మెరుపు పోయేదాకా గీకాలి, మెరుపున్న చోట ఏదీ పట్టదు అనేవాడు. తర్వాత సొల్యూషన్ రాసి ఆగాలి. వేలు పెడితే వేలికి అంటకూడదు, అప్పటిదాకా ముక్క పెట్టకూడదు. లారీ డ్రైవరు హారన్ కొట్టినా, బూతులు తిట్టినా జగన్నాధం ఆ ట్యూబు ముందు గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఆగడానికే నాకు డబ్బులిస్తన్నారు, గీకడం ఎవుడైనా గీకుతాడు అనేవాడు. దాలయ్య తర్వాత ఊరికి తిరిగొచ్చి ఫైబర్ పని నేర్చుకున్నాడు, పెళ్లి చేసుకుని అత్తవారి ఊళ్లో స్థిరపడ్డాడు, పేరు తెచ్చుకున్నాడు. గీకడం, ఆగడం. పనంతా ఆ రెండే. కాబట్టి ఆ రోజు తెలియక చేశాననడానికి వీల్లేదు.

ఆ రోజంటే, వేట నిషేధం ముగియడానికి ముందురోజు. రెండు నెలలు గట్టున పడి ఉన్న పడవలన్నీ తెల్లారితే నీళ్లలోకి దిగుతాయి. ఊరంతా గట్టు మీదే ఉంది. అప్పటికి రెండు రోజులుగా ముసురు, గాలి నిండా తడి. ఆ తడిలో రెజిన్ గట్టిపడదు. అప్ప భర్త నూకయ్య బావ అతణ్ణి అత్తవారి ఊరి నుంచి పిలిపించి, దోనె అడుగున పగులు చూపించి, రేపటికి నీళ్లు తాగకుండా చెయ్యి చాలు, మ్యాట్ తర్వాత వేద్దువుగాని అన్నాడు. సరే, ట్యూబు ముక్క అతికిస్తాను, పది రోజులు ఆగుతుందన్నాడు దాలయ్య. దోనెను చూరు కిందికి లాగి, తుడిచి, గరుకు కాగితంతో గీకడం మొదలుపెట్టాడు. నూకయ్య పక్కనే కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేడు, ఎవరో ఒకరిని నవ్వించాలి. పెద్ద గొంతు, పెద్ద చేతులు, అప్పను పెళ్లి చేసుకున్న నాటి నుంచి దాలయ్యను ఎత్తుకుని తిప్పినవాడు, ఈత నేర్పినవాడు. పక్క పడవ ధనరాజు, ఇంకో నలుగురు అటు వచ్చారు. "ఒరే దాలీ, పడవ గీకుతన్నావా, గెడ్డం గీకుతన్నావా? ఇది పెల్లికొడుకు కాదురా, దోనె" అన్నాడు నూకయ్య. అందరూ నవ్వారు. అది పెద్ద మాటేం కాదు. నూకయ్య రోజుకి యాభై అలాంటివి అంటాడు. ఆ రోజు మాత్రం దాలయ్యకు ముఖం మండింది. మంచి పనివాడని నలుగురూ తన ఇంటికి వస్తున్న రోజుల్లో, ఆ నలుగురి ముందే తనను చిన్నపిల్లాణ్ణి చేసినట్టనిపించింది. కాగితం పక్కన పడేసి, బంక రాసి, ముక్క పెట్టి పిడికిలితో గుద్దాడు. చీకటిపడే వేళకు నూకయ్య అడిగాడు, ఆరిందా అని. దాలయ్య అప్పటికే ఇంటికి వెళ్లడానికి చొక్కా వేసుకుంటున్నాడు. వంగలేదు, వేలు పెట్టలేదు. ఆరింది అన్నాడు.

ఆ ఒక్క మాటే తన తప్పని ఆరేళ్లుగా అనుకుంటూ వచ్చాడు. గీకడం సరిగ్గానే గీకాను, మొత్తం గీకాను, మాట ఒక్కటే తప్పు. మాట కాబట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకోవడానికి వీలుండేది. నేను ఆరలేదన్నా అతను వెళ్లేవాడే, ఆరింది అంటే పైకి ఆరిందని, రాత్రికి పూర్తిగా ఆరుతుందని, ఎవరికి తెలుసు. మర్నాడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నూకయ్య దోనె నిండింది. కొంచెం వెనకగా వస్తున్న ధనరాజు చూశాడు. బావ ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లు తోడుతున్నాడట, తోడుతూనే చెయ్యెత్తి ఏదో చెప్పాడట, నవ్వుతున్నాడేమో అనుకున్నాడట ధనరాజు. ఆ తర్వాత మూడు కెరటాలు వరసగా వచ్చాయి. దోనె అదే సాయంత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రెండు రోజులకు, దక్షిణాన. ఊరు కెరటం కొట్టిందంది. మొగ దగ్గర కెరటం కొట్టడం ఊరికి కొత్త కాదు. ఎవరూ అతుకు గురించి అడగలేదు. అడుగుతారని దాలయ్య పదిరోజులూ ఎదురు చూశాడు. శవం దగ్గర, స్మశానం దగ్గర, తలలు గీయించుకునే చోట, పదోరోజు వడ్డన దగ్గర. ఎవరూ అడగకపోవడం చివరికి అతనికి భరించలేనంతయింది. పదోరోజు సాయంత్రం బస్సెక్కి అత్తవారి ఊరు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పనుందన్నాడు, నడుం నొప్పన్నాడు, ఎవరైనా అడిగితే. ఒకసారి కోటబొమ్మాళి సంతలో దూరంగా అప్ప కనిపించింది. తూకం వేస్తూ ఎవరితోనో గట్టిగా బేరమాడుతోంది. ఆమె తలెత్తేలోపు అతను బట్టల కొట్టు పక్కకు తప్పుకున్నాడు. అక్కడ అరగంట నిలబడి అక్కర్లేని తువ్వాలొకటి కొన్నాడు.

నిన్న ఉష నేరుగా అతని షెడ్డుకే వచ్చింది. స్కూటీ దిగి, హెల్మెట్ చేతిలో పట్టుకుని, ఆరుగురు పనివాళ్ల ముందు నిలబడి, రొయ్యల కంపెనీలో పని మానేశాను, ఐసు నీళ్లకు వేళ్లు మొద్దుబారిపోతున్నాయి, ఏట్లో పీతల బుట్టలు పెట్టుకుంటాను, నాన్న దోనె బాగు చెయ్యాలి అంది. ఇంకెవరితోనైనా చేయించమనబోయాడు. "నువ్వుండగా ఇంకొకలేటి మావా?" అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క చూసి చెప్పినట్టుంది. వేలెడంత పిల్లగా ఉన్నప్పుడు కూడా అంతే, ఏడిచేది కాదు, కావలసింది చెప్పి నిలబడేది.

రెండోసారి గుడ్డ ముంచి పరిచాడు. ఈసారి లెక్క తప్పలేదు. మచ్చలో తూర్పు వైపు సగం మొండికేసింది. వేడి పెట్టినా, థిన్నర్ పూసినా కొంచెం కొంచెంగా ముద్దలు ముద్దలుగానే ఊడింది. అది పోయిన చోట అడుగు మసకగా, సన్నని గీతలు గీతలుగా ఉంది. మంచి పని. పడమటి సగం దగ్గరకు వచ్చి బద్ద మోపాడు. బద్ద ఆగలేదు. బంక మొత్తం ఒకే పొరగా లేచింది, ఎండిన గంజి పళ్లెం నుంచి లేచినట్టు, ఏ బలమూ అక్కర్లేకుండా. లోపలి వైపు తెల్లగా పాలిపోయి ఉంది. తడి తగిలిన బంక అలాగే పాలిపోతుంది. దాన్ని పక్కన పెట్టి గుడ్డతో తుడిచాడు. దాని కింద దోనె మెరిసింది. కంపెనీలో పోతపోసిన రోజున ఎలా ఉందో అలాగే, నీలంగా, నున్నగా, ఒక్క గీత లేకుండా. మసకకూ మెరుపుకూ మధ్య గీటు గీసినట్టు హద్దుంది. వంకరగా, ఒక చోట కొంచెం ముందుకు వచ్చి ఆగింది. చెయ్యి సగంలో ఆగిపోయిన చోటు. గెడ్డం గీకుతన్నావా అన్న చోటు.

దాలయ్య బద్ద కింద పెట్టాడు. సముద్రం హోరు మారిందేమో అని గమనించుకున్నాడు. లేదు. చెవుల్లో సముద్రం మామూలుగానే ఉంది. ఒక చీమ ఆ మెరుపు మీదికి ఎక్కి, కాళ్లు జారి, చుట్టూ తిరిగి మసక వైపు నుంచి వెళ్లింది. మొత్తం గీకానన్నది అబద్ధమని, ఆ అబద్ధం తాను ఎవరికీ చెప్పలేదని, తనకే ఆరేళ్లు చెప్పుకున్నాడని తెలిసింది. అంత గట్టిగా గుర్తుంది, చెయ్యి నొప్పెట్టడం కూడా గుర్తుంది. మరి ఆ చెయ్యి ఏ పడవ మీద నొప్పెట్టిందో. ఇసుక మీద దోనె ఈడ్చినప్పుడే ఈ వైపు అంచు లేచి ఉంటుంది, నీళ్లలో దిగాక ఇంకొంచెం, మొగ దాకా వెళ్లేసరికి ముక్క సగం వేలాడుతూ ఉంటుంది. పనివాడుగా ఆలోచిస్తే అంతా వరసగా కనిపిస్తోంది. వేరే పడవైతే పక్కవాణ్ణి పిలిచి చూపించేవాడు, చూడు, వీడెవడో సగమే గీకాడు అని.

గరుకు కాగితం చేతికి అందేంత దూరంలోనే ఉంది. నాలుగు నిమిషాల పని. ఆ మెరుపు మీద నాలుగు నిమిషాలు రుద్దితే రెండు సగాలూ ఒకటైపోతాయి, ఇక ఎవరికీ ఏమీ కనిపించదు. కాగితం తీసుకున్నాడు. నీళ్లలో ముంచాడు. ఆ మెరుపు మీద ఆనించాడు కూడా. అప్పుడు ఇంటి వైపు నుంచి చెప్పుల చప్పుడైంది.

ఉష టీ గ్లాసు తెచ్చి దోనె మీద పెట్టబోయి, తడిగా ఉందని చేతిలోనే ఉంచుకుంది. వంగి చూసింది.

"ఇటు మసగ్గా ఉన్నాది, అటు అద్దంలాగున్నాది. ఎందుకలాగ?"

ఆరేళ్ల ఉప్పుగాలి అనొచ్చు. నీడ అనొచ్చు. పనివాడు ఏం చెప్పినా నమ్ముతారు.

"అటు గీకలేదు నాను" అన్నాడు దాలయ్య. "గీకకుండా అతికించినాను. తడి మీదే. మీ నాన్న అడిగితే ఆరిందన్నాను. ఆరలేదు."

ఉష గ్లాసును ఇసుకలో నిలబెట్టింది. నిలబెట్టాక మళ్లీ తీసి, కొంచెం చదునైన చోట పెట్టింది.

"ఎందుకు?"

"నలుగుర్లో ఏదో అన్నాడని. ఉక్రోసం."

"ఏటన్నాడు?"

చెప్పాడు. ఉష ముఖంలో ఏదో కదిలింది. అది తండ్రి గొంతు వినబడినప్పటి కదలికని అతనికి తర్వాత అనిపించింది. ఒక క్షణం నవ్వొచ్చేలాగే ఉంది. రాలేదు. ఆ మెరుపు మీద అరచేయి పెట్టింది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నువ్వే సెప్పు. నీ తరపున నాను సెప్పను."

వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు. దోనెకు అవతలి వైపు కూర్చుని, వెదురు బద్ద తీసుకుని మిగిలిన బంక ముద్దల్ని గీకడం మొదలుపెట్టింది. ఆమె చేతి వేళ్ల కొసలు ఐసు నీళ్లకు తెల్లగా నానిపోయి ఉన్నాయి. పట్టు బాగుంది. టీ చల్లారింది. తోట అవతల పీతల లారీ కాబోలు ఒకటి వెళ్లింది. దాలయ్య ఆ మెరుపును ముట్టుకోలేదు. దాని చుట్టూ ఉన్నదంతా శుభ్రం చేసి, దాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేశాడు. అప్పకు ఏ మాటలతో చెప్పాలో కూర్చుకుందామని చూశాడు, ఒక్క మాటా నిలవలేదు. వాటికి బదులు నూకయ్య మొలలోతు నీళ్లలో నిలబడి రెండు చేతులు చాచి, దూకురా, నానున్నాను అన్న ఒక మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు తనకు తొమ్మిదేళ్లో పదేళ్లో. దూకాడు. చేతుల్లో పడలేదు, నీళ్లలోనే పడ్డాడు. నూకయ్య కావాలనే ఒక అడుగు వెనక్కి వేశాడు. అలా వచ్చింది ఈత.

ఆటో నిజంగా వచ్చినప్పుడు ఇద్దరికీ ముందే తెలిసింది. అసిరమ్మ దిగి, ఖాళీ బేసిను చంకలో పెట్టుకుని, ఇంటి పక్కగా నడిచి వస్తూ దోనె దగ్గర మనిషిని చూసి ఆగింది. నడుం కొంచెం వంగింది. జుట్టు నెరిసింది. దాలయ్య లేచి నిలబడ్డాడు. మోకాళ్లకు బంక అంటుకుని ఉంది.

"అప్పా" అన్నాడు. తర్వాత ఉషకు చెప్పిన మాటలే చెప్పాడు, అదే వరసలో. చెప్పి, మెరుస్తున్న సగాన్ని చేత్తో చూపించాడు.

అసిరమ్మ చూసింది. బేసిను కింద పెట్టింది. ఏడవలేదు.

"తెలుసురా నాకు" అంది.

దాలయ్యకు అర్థం కాలేదు.

"ఆ పొద్దున్న మీ బావ వంగి బొటనేలుతో నొక్కి సూసినాడు. ఇంకా మెత్తగున్నాది, దాలిగాడు ఆరిందన్నాడు గానీ ఆరలేదు అన్నాడు. మరెందుకెల్తావంటే, ఊరంతా ఎల్తంటే నాను గట్టు మీద కూకుంటానా అన్నాడు. తెలిసే ఎల్లినాడు."

సముద్రం వైపు నుంచి గాలి వచ్చి బేసినును కొంచెం దొర్లించింది. ఉష దాన్ని కాలితో ఆపింది.

"మరి ఇన్నేల్లూ ఒక్కమాట అనలేదేటప్పా?"

"ఎవులితో అనాల?" అసిరమ్మ గొంతు అప్పుడు లేచింది. "పదో రోజు బస్సెక్కినోడివి, మల్లీ నా గుమ్మం తొక్కినావా? సంతలో నన్ను సూసి బట్టల కొట్టు సాటుకెల్లినావు. సూడలేదనుకున్నావేటి? బంకకి కాదురా నా కోపం. మొగుడు పోనాడు, సముద్రం పట్టుకెల్లింది. తమ్ముడేటైపోనాడు? నువ్వెక్కడ మునిగిపోనావురా?"

ఆరేళ్లుగా దాలయ్య తయారుచేసి పెట్టుకున్న జవాబులన్నీ వేరే ప్రశ్నకు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఇక అడగరు కూడా. ఈ ప్రశ్న ఉందని అతనికి తెలియనే తెలియదు. అసిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కన్నీళ్లు కాదు, ఎండకు పట్టిన చెమట. తర్వాత సరుగుడు మొద్దు మీద కూలబడి, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది.

"కానియ్. సెయ్యి మరి. సూస్తాను" అంది.

అతను కూర్చున్నాడు. కాగితం మళ్లీ నీళ్లలో ముంచి, ఆ మెరుపు మీద ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు. మొదట చప్పుడు లేదు, కాగితం జారింది. తర్వాత పట్టింది. నీలం నీళ్లలో కలిసి పాలలాగా కిందికి కారింది. ఉష నీళ్లు పోస్తూ ఉంది. అసిరమ్మ చూస్తూ, మధ్యలో ఎవరో ఒకామె చేప ధర తగ్గించమని ఎలా పేచీ పెట్టిందో ఉషకు చెప్పింది. ఉష ఊఁ కొట్టింది. అతనికి చెయ్యి నొప్పెట్టింది, ఆపి, చెయ్యి మార్చి మళ్లీ రుద్దాడు. హద్దు పోయింది. తూర్పూ పడమరా తెలియడం లేదు. గుడ్డతో తుడిచి, అయిందన్నట్టు వెనక్కి జరిగాడు.

ఉష మోకాళ్ల మీద ముందుకు వచ్చి, తల పక్కకు వాల్చి, వెలుగు ఏటవాలుగా పడేలా చూసింది. అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. ఒక చోట చెయ్యి ఆపింది.

"మావా, ఇక్కడింకా మెరుస్తన్నాది."

అతనికి కనిపించలేదు. కళ్లు చికిలించుకుని, ఆమె తల పెట్టిన చోటే తన తల పెట్టి చూశాడు. ఉంది. గోరంత.

"నిజమే" అన్నాడు దాలయ్య, కాగితం కోసం చెయ్యి చాచాడు.